దీపం లేని పది రోజులు: బెంగళూరు శివారులో ఒక విపస్సన శిబిరం

విపస్సన ధ్యాన శిబిరానికి దరఖాస్తు నింపుతూ మా అక్క ఒక నిబంధన దగ్గర ఆగిపోయింది. శిబిరం జరిగినన్ని రోజులూ పూజ, జపం, మంత్రపఠనం, ధూపం, ఉపవాసం వంటివన్నీ పూర్తిగా ఆపివేయాలని, జపమాలలు, తాయెత్తులు వెంట తీసుకురాకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది. దీపం పెట్టి విష్ణు సహస్రనామం చదివిన తర్వాత గానీ కాఫీ ముట్టని అలవాటు ఆమెకు నలభై ఏళ్లుగా ఉంది. నేను ఆగిన చోటు వేరు. మొదటి రోజు సాయంత్రం బుద్ధుణ్ణి, ధమ్మాన్ని (ధర్మం అనే మాటకు పాళీ రూపం, అంటే బుద్ధుడి బోధ), సంఘాన్ని శరణు వేడుతున్నానని సాధకులందరి చేతా పలికిస్తారని నాకు ముందే తెలుసు. ఊహ తెలిసిన నాటి నుంచి నేను ఎవరినీ శరణు వేడలేదు. దేవుణ్ణి నమ్మే అక్కకు అక్కడ మతం మరీ తక్కువగా కనిపించింది, నమ్మని నాకు మరీ ఎక్కువగా కనిపించింది. ఈ పద్ధతి ఏ మతానికీ చెందనిదని నిర్వాహకులు చెప్పే మాట మా ఇద్దరి విషయంలో ఎంతవరకు నిలబడిందో రాయడమే ఈ సమీక్ష ఉద్దేశం. కేంద్రం పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ పరంపరలో పాఠం, దినచర్య, ప్రవచనాలు అన్ని కేంద్రాల్లోనూ ఒక్కటే.

ఈ శిబిరాలు సత్యనారాయణ గోయెంకా బోధించిన పద్ధతిలో జరుగుతాయి. ఆయన 1924లో బర్మాలోని మాండలేలో, వ్యాపారం మీద వెళ్లి అక్కడే స్థిరపడిన ఒక భారతీయ హిందూ కుటుంబంలో పుట్టారు. తీవ్రమైన మైగ్రేన్ తలనొప్పికి ఎన్ని దేశాలు తిరిగినా మందు దొరకక, 1955లో రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ వద్ద ధ్యానానికి కూర్చున్నారు. ఊ బా ఖిన్ సన్యాసి కాదు; స్వతంత్ర బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన గృహస్థు. హిందువుగా పుట్టిన తాను అక్కడికి వెళ్తే బౌద్ధుడిగా మారిపోతానేమోనని మొదట భయపడి వెనుకాడినట్టు గోయెంకాయే తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. అంటే మా అక్కకు వచ్చిన సందేహం ఈ పద్ధతిని మన దేశానికి తెచ్చిన వ్యక్తికే వచ్చిన సందేహమన్నమాట. ఆయన 1969లో భారతదేశానికి వచ్చి శిబిరాలు మొదలుపెట్టారు, 1976లో మహారాష్ట్రలోని ఇగత్‌పురి కేంద్రం ప్రారంభమైంది. 2013లో ఆయన మరణించిన తర్వాత కూడా ప్రతి శిబిరంలోనూ పాఠం చెప్పేది రికార్డు చేసిన ఆయన గొంతే. ఎదుట కూర్చునే సహాయక ఆచార్యులు ఆ రికార్డులు వినిపిస్తారు, మధ్యాహ్న విరామంలో ఎవరికైనా సందేహం ఉంటే ఏకాంతంగా మాట్లాడతారు, కొత్త బోధ ఏదీ చేయరు.

దరఖాస్తు పెట్టాలా వద్దా అని అక్క రెండు రోజులు ఆలోచించింది. చివరికి తనకు తెలిసిన లెక్కలోనే దారి వెతుక్కుంది. "మైల వస్తే పది రోజులు దీపం పెట్టం కదరా, తర్వాత శుద్ధి చేసుకుని మళ్లీ మొదలుపెడతాం. ఇదీ అలాంటిదే అనుకుంటాను" అంది. ఎవరూ పోకుండా మైల ఏమిటని బావగారు అభ్యంతరం చెప్పారు గానీ, నాకు ఆ సమాధానం విన్నప్పటి నుంచీ మనసులో నిలిచిపోయింది. మతం నుంచి పది రోజులు బయటికి రావడానికి కూడా ఆమెకు మతమే దారి చూపించింది. నమ్మకం ఉన్నవారికి ఆచారం అంటే తగిలించుకుని విప్పేసే చొక్కా కాదని, విప్పడానికి సైతం అందులో ఒక పద్ధతి ఉంటుందని నాకు మొదటిసారి అర్థమైంది.

వసతి, భోజనం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. గదులు చిన్నవి, శుభ్రమైనవి. ఆడవారికి, మగవారికి నివాసాలు, భోజనశాలలు, నడిచే దారులు వేరు. ధ్యానమందిరం ఒకటే అయినా కూర్చునే వైపులు వేరు. ఫోను, పుస్తకం, కలం, కాగితం అన్నీ మొదటి రోజే అప్పగించాలి. ఉదయం నాలుగింటికి గంట మోగుతుంది, నాలుగున్నర నుంచి ధ్యానం మొదలవుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పుతారు. ఆ మధ్యలో దాదాపు పదిగంటలు కళ్లు మూసుకుని కూర్చోవాలి. పదకొండింటికి సాదా శాకాహార భోజనం, సాయంత్రం ఐదింటికి కొత్తవారికి టీ, మరమరాలు, పండు. అంతకుముందు శిబిరం చేసినవారికి నిమ్మకాయ నీళ్లు మాత్రమే. మౌనం పదో రోజు ఉదయం దాకా ఉంటుంది, సైగలు కూడా చేయకూడదు. దేనికీ రుసుము లేదు. పది రోజులు పూర్తి చేసినవారి నుంచి మాత్రమే, అదీ వారు ఇవ్వదలిస్తేనే, విరాళం తీసుకుంటారు. తర్వాత వచ్చేవారి కోసం ముందు వచ్చినవారు ఇచ్చిపోతారు. వాకిట్లో నిలబడి "ధర్మం చేయండి తల్లీ" అని అడిగేవారి నోట మన భాషలో ధర్మం అనే మాటకు దానమనే అర్థం ఇంకా బతికి ఉంది. ధమ్మం నేర్పే చోటు ఆ అర్థంలోని ధర్మం మీదే నడుస్తుండటం నాకు బాగా నచ్చింది.

మొదటి సాయంత్రం శరణు వాక్యాలు వచ్చినప్పుడు నేను పెదవులు కదపలేదు. ఎవరూ గమనించలేదు, గమనించినా ఏమీ అనలేదు. ఐదు శీలాలు మాత్రం మనస్ఫూర్తిగా స్వీకరించాను. ప్రాణిని చంపకపోవడం, దొంగతనం చేయకపోవడం, అబద్ధమాడకపోవడం, శిబిరం పూర్తయ్యేవరకు బ్రహ్మచర్యం, మత్తుపదార్థాలకు దూరంగా ఉండటం అనే ఆ ఐదింటిలో నాస్తికుడికి అభ్యంతరకరమైనది ఒక్కటీ లేదు. అయితే తెల్లవారుజామున చీకట్లో పాళీ గాథలు సాగదీసి వినిపించినప్పుడు, పాఠం ముగిశాక పాత సాధకులు ముమ్మారు "సాధు" అని తలవంచినప్పుడు, నేను గుడిలో లేనని నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది. బుద్ధుణ్ణి శరణు వేడటమంటే ఒక వ్యక్తిని వేడటం కాదు, ఆయనలోని జ్ఞానమనే గుణాన్ని ఆశ్రయించడమని ప్రవచనంలో వివరణ ఇచ్చారు. వివరణ సబబుగానే ఉంది, కానీ మా అక్క విగ్రహం గురించి ఇచ్చే వివరణ కూడా సరిగ్గా ఇదే. రాతికి మొక్కడం లేదు, అందులోని తత్త్వానికి మొక్కుతున్నానని ఆమె ఎన్నో ఏళ్లుగా నాతో అంటోంది.

ఆ పది రోజుల మౌనంలో ఈ మాటల గురించే నేను చాలా ఆలోచించాను, ఆలోచించకూడదని చెప్పినప్పటికీ. మన వాడుకలో దేవుడు లేడనేవాడు నాస్తికుడు. ప్రాచీన శాస్త్రాల్లో ఆ మాట అర్థం వేరు. మనుస్మృతి వేదాన్ని నిందించేవాణ్ణి నాస్తికుడంది. వ్యాకరణకర్త పాణిని సూత్రానికి వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం ప్రకారం పరలోకం లేదనేవాడు నాస్తికుడు. వేదాన్ని ప్రమాణంగా తీసుకోని బౌద్ధ జైనాలు నాస్తిక దర్శనాల లెక్కలోకి వెళ్లాయి. సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి ఒప్పుకోని పూర్వమీమాంస, సాంఖ్యం ఆస్తిక దర్శనాలుగా నిలిచాయి. ఆ కొలతతో చూస్తే నేను ధ్యానం నేర్చుకోవడానికి వెళ్లింది బుద్ధుడనే మరో నాస్తికుడి దగ్గరికే. మతం అనే మాటకు సంస్కృతంలో అసలు అర్థం అభిప్రాయం. సమ్మతం, అభిమతం అనే మాటల్లో ఆ అర్థం ఇప్పటికీ కనిపిస్తుంది. ఇక ఆధ్యాత్మికత అనే మాట లోపల ఆత్మ కూర్చుని ఉంది, బుద్ధుడు బోధించినదేమో అనాత్మ, అంటే శాశ్వతమైన ఆత్మ లేదని. కాబట్టి "నాకు మతం వద్దు, ఆధ్యాత్మికత చాలు" అని ఈ నగరంలో చాలామంది అంటుండగా విన్న మాట ఈ శిబిరానికి అతకదు. ఇక్కడ ఆత్మ గురించిన బోధ లేదు. ఉన్నది ఊపిరి, ఒళ్లు, వాటిని చూసే మనసు మాత్రమే.

మొదటి మూడు రోజులు ఆనాపానం. ముక్కుపుటాల దగ్గర సహజంగా వచ్చిపోయే శ్వాసను గమనించడం తప్ప మరో పని లేదు. దానికి పేరు పెట్టకూడదు, లెక్కపెట్టకూడదు, ఏ దేవుడి నామాన్నీ జోడించకూడదు. నామం జోడిస్తే మనసు త్వరగా ఏకాగ్రమవుతుందని వారు కూడా ఒప్పుకుంటారు, కానీ ఆ నామం పుట్టించే స్పందన కింద శరీరంలోని సహజ స్పందన కనబడకుండా పోతుందన్నది వారి వాదన. నాలుగో రోజు విపస్సన నేర్పుతారు. తల నుంచి పాదాల దాకా శరీరంలోని ప్రతి భాగంలో కలిగే స్పర్శను, అది నొప్పి అయినా పులకరింత అయినా, కోరుకోకుండా, తోసిపుచ్చకుండా చూడాలి. రోజుకు మూడుసార్లు గంటేసి జరిగే సామూహిక ధ్యానంలో కాళ్లు, చేతులు కదపకుండా, కళ్లు తెరవకుండా ఉండాలనే సంకల్పం ఆ రోజు నుంచే మొదలవుతుంది. ఐదో రోజు నా కుడి మోకాలిలో పుట్టిన నొప్పి గంట చివర్లో దానంతట అదే కరిగిపోవడం చూసినప్పుడు, అనిత్యమనే మాటను ఏ గ్రంథం సాయమూ లేకుండా నమ్మాను. నేను ఈ శిబిరానికి మంచి మార్కులు ఇవ్వడానికి మొదటి కారణం ఇదే. నమ్మమని అడగకుండా చూడమని అడిగే చోట్లు అరుదు.

రెండో కారణం మరింత సొంత విషయం. మా అమ్మ పోయిన ఏడాదికి సంవత్సరీకం పెట్టనని నేను చెప్పేశాను. నమ్మకం లేని క్రతువును నమ్మినట్టు నటించి చేయడం అమ్మకే అవమానమని నా వాదన. ఆ పని మా బాబాయి కొడుకు చేశాడు. అక్క ఆ రోజు నాతో ఏమీ వాదించలేదు గానీ, తర్వాత ఏడాదిపాటు మా ఇంట భోజనం చేయలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆ సంగతి గుర్తుకు వచ్చింది. అలవాటైన పద్ధతిలో ఆలోచనను వదిలి ఒంట్లో ఏం జరుగుతోందో చూశాను. దవడలు బిగుసుకున్నాయి, గుండెల దగ్గర సెగ తగులుతోంది. వాదన ఇప్పటికీ సరైనదేనని నేను అనుకుంటున్నాను. కానీ ఆ రోజు నేను కాదనడంలో వాదన పాలు సగమే, మిగిలిన సగం కోపమని నాకు తెలిసింది. అమ్మ చివరి నెలల్లో ఆసుపత్రికి రాకుండా పదో రోజు భోజనాలకు మాత్రం వచ్చిన బంధువుల మీది కోపం అది. దాన్ని అక్క నమ్మకం మీద తీర్చుకున్నాను. నాకు దేవుడి మీద నమ్మకం కలగలేదు, కలగాలని శిబిరంలో ఎవరూ కోరలేదు. కోపాన్ని సూత్రంగా చెలామణీ చేశానని మాత్రం తెలిసింది.

రోజూ సాయంత్రం జరిగే ప్రవచనం ఈ శిబిరంలో అన్నింటికంటే ఆసక్తికరమైన భాగం, అన్నింటికంటే చర్చించవలసిన భాగం కూడా. నేను ఆంగ్లంలో విన్నాను, అక్క తెలుగులో విన్నది. పాళీలో సంఖారం అనే మాట ఆ బోధకు కీలకం. రాగద్వేషాలతో మనసు చేసే ప్రతిస్పందనలు పేరుకుని లోతుగా పాతుకుపోవడమని దాని భావం, వాటిని కరిగించుకోవడమే సాధన. సంస్కృతంలో దాని రూపం సంస్కారం. తెలుగువారికి సంస్కారమంటే మంచీ మర్యాదా, లేదంటే వివాహ సంస్కారం, అంత్య సంస్కారం. సంస్కారాలను నిర్మూలించుకోవాలనే బోధ ఎంత వివరించి చెప్పినా తన చెవికి ఎబ్బెట్టుగానే తోచిందని అక్క తర్వాత చెప్పింది. నా ఇబ్బంది మాటతో కాదు, విషయంతో. పాత సంఖారాలు శరీరంలో స్పందనలుగా పైకి వచ్చి పోతాయని, మరణ సమయంలోని మానసిక స్థితి తర్వాతి జన్మను నిర్ణయిస్తుందని చెబుతూ, ఇదంతా అనుభవంతో తెలుసుకునే శాస్త్రమేనని అంటారు. మోకాలి నొప్పి కరగడం నా అనుభవం. దాని వెంట గత జన్మల సంఖారం కరిగిందనడం ఒక నమ్మకం. ఈ రెండింటినీ ఒకే గొంతుతో చెప్పినప్పుడు కొత్త సాధకుడు, అందులోనూ ఎనిమిది రోజుల మౌనంలో మెత్తబడిన మనసుతో ఉన్నవాడు, వాటిని విడదీసుకోవడం కష్టం. మతం కాదని చెప్పే ఏ మార్గమైనా ఈ గీత ఎక్కడుందో స్పష్టంగా చెప్పాలని నా అభిప్రాయం.

గోయెంకా ఈ ఇబ్బందిని ఊహించకపోలేదు. ఒక ప్రవచనంలో ఆయన ఒక తల్లి కథ చెబుతారు. తల్లి పాయసం చేసి పెడితే, పిల్లవాడు అందులోని యాలకులను చూసి నల్లరాళ్లు ఉన్నాయంటూ గిన్నె తోసేస్తాడు. రాళ్లనుకున్నవాటిని తీసేసి పాయసం తిను నాయనా అని తల్లి బతిమాలుతుంది. పునర్జన్మ వంటివి మింగుడుపడకపోతే వాటిని పక్కన పెట్టి సాధన మాత్రం చేయమని దాని తాత్పర్యం. నా వంటివారికి ఇది పెద్ద వెసులుబాటు, నేను దాన్ని పూర్తిగా వాడుకున్నాను.

పదో రోజు ఉదయం అందరి మంగళం కోరే మైత్రీ ధ్యానం నేర్పి, మౌనం విరమింపజేశారు. పదకొండో రోజు ఉదయం కారులో తిరిగి వస్తూ ఈ కథ ఎలా ఉందని అక్కను అడిగాను. "యాలకులు తీసేస్తే అది పాయసం ఎలా అవుతుందిరా, పాలూ బియ్యమూ అవుతుంది గానీ" అంది. తర్వాత చాలాసేపు తన పది రోజుల సంగతి చెప్పింది. ఊపిరి చూడమంటే మనసు దానంతట అదే కేశవ నామాల్లోకి జారిపోయేదట. ఆరో రోజు మధ్యాహ్నం ఆచార్యురాలి దగ్గరికి వెళ్లి చెబితే, ఆమె తప్పుపట్టకుండా, జారిన ప్రతిసారీ నెమ్మదిగా ఊపిరికి తిరిగి రమ్మన్నదట. అలా తిరిగి వస్తూ వస్తూ తాను ఇన్నేళ్లుగా సహస్రనామం చదువుతూ పాలవాడి లెక్క, గ్యాస్ సిలిండరు బుకింగు ఆలోచిస్తోందని కనిపెట్టిందట. అది ఆమెకు దక్కిన లాభం. నష్టం కూడా ఆమె దాచలేదు. "చూడటం నేర్పారు, బాగానే ఉంది. పలకరించడానికి మాత్రం అక్కడ ఎవరూ లేరు. మైత్రీ ధ్యానంలో అందరూ బాగుండాలని కోరమన్నారు, ఎవరిని కోరాలో చెప్పలేదు" అంది.

ఈ శిబిరం గురించి నేను విన్న సమీక్షల్లో ఇంత కచ్చితమైన మాట లేదు. నమ్మనివారు ఆధ్యాత్మికతను మతం నుంచి విడదీయగలిగేది, వారికి మొదటి నుంచీ ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి. వారికి ఈ పద్ధతి పెద్ద కానుక. గుడి గడప తొక్కకుండానే, మాట వరసకైనా దేవుణ్ణి తలవకుండానే, మనసును కడుక్కునే నీళ్లు దొరుకుతాయి. నమ్మేవారికి మతమంటే దేవుడితో సంబంధం. దీపం, ముగ్గు, నైవేద్యం, ఏకాదశి, తిరుమల మెట్లు అన్నీ ఆ సంబంధంలోని రాకపోకలు. వాటిని తీసేసి మిగిలినదే సారమని వారికి చెప్పడం, ఉత్తరాలు మానేసి అక్షరాలు దిద్దుకోమని చెప్పినట్టు ఉంటుంది. ఏ మతానికీ చెందనిదన్న నిర్వాహకుల మాట నా విషయంలో ముప్పాతిక నిజమైంది. అక్క విషయంలో అది నిజమే గానీ, ఆమెకు అది గొప్పగా తోచలేదు. దూషణ మాత్రం ఎక్కడా లేదని, పూజలను ఆపమన్నది వాటిని తక్కువ చేయడానికి కాదని, ఈ పద్ధతిని కలగాపులగం కాకుండా పరీక్షించడానికేనని వారు నియమావళిలో రాసిన మాటను పదకొండు రోజులూ నిలబెట్టుకున్నారని ఆమె కూడా ఒప్పుకుంది.

నా గదికి ఇటువైపు కేరళ నుంచి వచ్చిన ఒక క్రైస్తవుడు, అటువైపు రోజుకు ఐదుసార్లు నమాజు చేసే ఒక యువకుడు ఉన్నారు. పదో రోజు మాటల్లో ఆ యువకుడు చెప్పిన బాధ మా అక్క బాధే. ఇదే ఊపిరి గమనింపును ఇప్పుడు బెంగళూరు సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో భోజన విరామంలో పదిహేను నిమిషాలు నేర్పుతున్నారు; మా కార్యాలయంలోనూ నేర్పారు. అక్కడ శీలం ఊసు లేదు, దానం ఊసు లేదు, పని చురుకుగా చేయడానికి పనికొస్తుందని మాత్రమే చెబుతారు. మతం తీసేయడమంటే అంతదాకా తీసేయడమైతే, పాళీ గాథలు వినిపించే చోటే నాకు మేలు.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్నవారు ఆ సంగతి దరఖాస్తులో తప్పక రాయాలి, వైద్యుణ్ణి కూడా అడగాలి. తీవ్రమైన మానసిక రుగ్మతలు ఉన్నవారికి ఈ శిబిరం తగినది కాదని నిర్వాహకులే చెబుతారు, అన్ని గంటల మౌనం అందరికీ పడదు. కింద కూర్చోలేనివారు అడిగితే కుర్చీ ఇస్తారు. రెండు రోజులు చూసి వచ్చేద్దామని వెళ్లవద్దు, పది రోజులూ ఉంటామని మాట ఇచ్చాకే చేర్చుకుంటారు. భక్తులు తమ నిత్యపూజకు ఇంట్లో ఎవరినైనా ఏర్పాటు చేసి వెళ్తే మనసు కుదుటపడుతుంది. మా అక్క ఇంట్లో ఆ పది రోజులూ బావగారే దీపం పెట్టారని తిరిగి వచ్చాక గానీ ఆమెకు తెలియలేదు. తెలిసి ఉంటే ఇంకా బాగా కూర్చునేదాన్నని ఆమె అంది.

అక్క ఇప్పుడు సహస్రనామం చదివే ముందు పావుగంట కళ్లు మూసుకుని ఊపిరి చూస్తుంది, తర్వాత దీపం వెలిగిస్తుంది. రెండు పద్ధతులను కలపవద్దని శిబిరంలో చెప్పిన సలహాకు అది విరుద్ధమని నేను గుర్తుచేస్తే, తాను కలపడం లేదని, ఒకదాని తర్వాత ఒకటి చేస్తున్నానని జవాబిచ్చింది. నేను రెండో శిబిరానికి దరఖాస్తు పెట్టాను. ఆమె పెట్టలేదు, నేను లేని పది రోజులూ మా ఇంటికి వచ్చి మొక్కలకు నీళ్లు పోస్తానంది.